మైకు వలి ఇంట్లో మాటల పంపకం

పత్తికొండలో నా ముఖం తెలిసినవాళ్లు తక్కువ, నా గొంతు తెలియనివాళ్లు లేరు. ఆటో మీద రెండు మైకు హారన్లు కట్టుకుని, బస్టాండు నుంచి టమాటా మార్కెట్ దాకా, అక్కడి నుంచి చుట్టుపక్కల పల్లెల దాకా తిరుగుతూ చీరల మేళా, కంటి పరీక్షల శిబిరం, కొత్త బేకరీ, తప్పిపోయిన ఎనుము, ఏది చెప్పమంటే అది చెప్పే పని నాది. పేరు ఇమాం వలి. ఊరు పెట్టిన పేరు మైకు వలి. ఇంటర్‌లో అన్ని సబ్జెక్టులూ తప్పి ఒక్క తెలుగు మాత్రం పాసయ్యాను. ఆ ఒక్క పాసు బరువును ఇప్పటికీ జనం మీద మోపుతుంటాను. "రండి, చీరలు కొనండి" అంటే సరిపోయే చోట "విచ్చేయండి, వీక్షించండి, వరించండి" అంటాను. చీరను వరించడమేమిటని ఒక తెలుగు మాస్టారు రోడ్డు మీద ఆపి అడిగాడు. మైకు సౌండు పెంచి ముందుకు పోయాను.

ఒకసారి చావు కబురు కూడా తప్పు చెప్పాను. మా పేటలో ఇద్దరు ఈరన్నలు ఉండేవాళ్లు. చిన్న ఈరన్న పోతే, నేను పెద్ద ఈరన్న పోయాడని ఊరంతా చాటాను. ఆ పెద్ద ఈరన్న టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడి తన మరణవార్తను శ్రద్ధగా విన్నాడు. నేను ఆయన ముందు నుంచే పోతూ, "దానశీలి, మృదుభాషి, అజాతశత్రువు" అని చదువుతున్నాను. చేయి అడ్డం పెట్టి ఆటో ఆపాడు.

"ఏమప్పా వలీ, నేను నిజంగా పోయిన్నాడు నా గురించి ఇంత బాగా సెప్పేటోడు యాడ దొరుకుతాడు? ఇంగొక రౌండు ఏసిరా పో" అన్నాడు.

ఇంత మాటకారి ఇంట్లో పుట్టిన పిల్ల మా నఫీసా. నాలుగేళ్లు దాటినా దాని నోట్లో ఉన్న మాటలు ఒక చేటలో పోస్తే అడుగు కూడా నిండదు. "పా" అంటే పాలు, పాప, పాము, పాట, ఏదైనా కావచ్చు. ఆటోను "ఆత్తో" అనేది. మిగతా పనంతా వేలితో చూపించి, చెయ్యి పట్టి లాగి, కళ్లెగరేసి జరిపించుకునేది. అర్థం కాకపోవడం అనేది మాత్రం లేదు. డబ్బాలో బిస్కెట్లు అయిపోయాయని పక్కగదిలో గుసగుసగా అన్నా దానికి తెలిసిపోయేది.

దీనికి మా అమ్మ నన్నీ బీ దగ్గర ఒక సిద్ధాంతం ఉండేది. ఇంట్లో మేం మాట్లాడేది ఉర్దూ, మీ కోసం తెలుగులో చెప్తున్నాను. "ఇంటికి ఇన్ని మాటలని అల్లా లెక్కగట్టి పంపిస్తాడ్రా. అన్నీ నువ్వే వాడేస్తాంటే బిడ్డకు ఏం మిగుల్తాయి?" అనేది. నా భార్య సబీనా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. సబీనాకూ వంతు సరిగా అందలేదని నాకు అప్పుడు తట్టలేదు.

వసకొమ్ము అరగదీసి తేనెలో నాకించాం. దర్గాలో తాయెత్తు కట్టించాం. ఎవరైనా అడిగితే నేను మాత్రం, "ఆలస్యంగా మాట్లాడే పిల్లలు పెద్దయినాక పెద్ద పెద్ద వక్తలవుతారు" అని నమ్మకంగా చెప్పేవాణ్ణి. ఈ సంగతి ఎక్కడ చదివావని ఎవరూ అడగలేదు. అడిగితే మళ్లీ సౌండు పెంచాల్సి వచ్చేది.

బళ్లో వేశాక చిక్కు ముదిరింది. పిల్ల అక్షరాలు పలకడం లేదని టీచరమ్మ కబురు పెట్టింది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బళ్లో ఇంగ్లీషు, ఇన్నింటితో పిల్ల తికమకపడుతోంది, ఇకనుంచి ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి అని సలహా ఇచ్చింది. నేను అమలులో పెట్టాను. నా ఇంగ్లీషు ఎంతని? "నఫీసా, కమ్. నఫీసా, సిట్. నఫీసా, ఈట్ రైస్." పోలీసు కుక్కకు శిక్షణ ఇస్తున్నట్టుండేది. సబీనాకు ఇంగ్లీషు రాదు కనక ఆమె పూర్తిగా నోరు మూసుకుంది. మా అమ్మ కథలు చెప్పడం మానేసి గోడకు తిరిగి కూర్చుంది. ఇంట్లో అందరికంటే తక్కువ మాట్లాడేది పిల్ల అనుకున్నవాళ్లం, కొన్నాళ్లకు అందరికంటే ఎక్కువ మాట్లాడేది ఆ పిల్లే అయ్యేట్టు తయారయ్యాం.

అప్పుడు నాకు ఇంకా గొప్ప ఆలోచన వచ్చింది. అక్షరాలన్నీ నా కంచు కంఠంతో రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, పొద్దున్నే ఇంటి ముందు ఆటో నిలబెట్టి, రెండు హారన్లూ గుమ్మం వైపు తిప్పి పెట్టాను. "అ! అమ్మ! ఆ! ఆవు!" అని వీధి దద్దరిల్లింది. పక్కింటి మేక తాడు తెంచుకుంది. నఫీసా రెండు చెవులూ మూసుకుని మంచం కిందికి దూరింది. నేను మంచం కిందికి వంగి, వినమ్మా వినమ్మా అని బతిమాలుతుంటే జీవమ్మ వచ్చింది.

జీవమ్మ మా పక్కిల్లే. టమాటా మార్కెట్లో కాయలు ఏరే పనికి పోతుంది. ఆమె మనవరాలికి చెవిలో మిషను ఉంది.

"ఏమప్పా ఇమామూ, నీ పుణ్యాన వీదిలో ముసిలోళ్లకంతా అచ్చరాలొచ్చినాయి గానీ, పిల్లకేం రాల్యా" అంది నడుం మీద చెయ్యేసుకుని. "మా మనవరాల్ని తీసకపోతాండ్యామే, బడి ఆవరణలో భవిత కేంద్రమని, ఆడికి మాటలు నేర్పే మేడం వస్తాది. ఆయమ్మ కాడికి తీసకపో. ఈ మైకు మాత్రం ఆపప్పా, నీకు దండం పెడతా."

మైకు ఆపాను. వీధిలో ఎవరో చప్పట్లు కొట్టారు.

ఆ కేంద్రం ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడుపుతున్న గది. కింద చాప, గోడల నిండా బొమ్మలు, మూలన ఒక బల్ల. స్పీచ్ థెరపిస్టు స్వర్ణలత మేడం వారంలో కొన్ని రోజులు కర్నూలు నుంచి బస్సులో వచ్చేది. చిన్నమనిషి, నెమ్మదైన గొంతు. ఆ గొంతుతో మార్కెట్లో ఉల్లిగడ్డలు కూడా అమ్మలేరని మొదటిరోజే తీర్పు ఇచ్చేశాను.

"నీ పేరేం పాపా?" అని అడిగింది.

"నఫీసా" అన్నాను నేను.

"నఫీసా, నీకు ఏ బొమ్మ కావాల?"

"దానికి బస్సంటే ఇష్టం మేడం."

"పొద్దున ఏం తిన్నావు?"

"ఉగ్గాని, బజ్జీ. బజ్జీ సగం వదిలేసింది మేడం, కారమని."

మేడం నావైపు తిరిగి చాలా మర్యాదగా అడిగింది: "ఇమాం వలి గారూ, మీకు ఎన్నేళ్లు? ఏ క్లాసు చదువుతాండారు?"

సబీనా పెళ్లయ్యాక అంత గట్టిగా నవ్వడం నేను ఎప్పుడూ వినలేదు. నఫీసా కూడా నవ్వింది. నన్ను బల్ల దగ్గరికి పంపి, మేడం చాప మీద దానితో ఆడుకుంటూ కూర్చుంది. ఆట అని నేననుకున్నాను. ఆ ఆటలోనే అది ఏం అర్థం చేసుకుంటోంది, ఏ శబ్దం పలుకుతోంది, ఏది మింగేస్తోంది, అన్నీ చూసిందట. ముందు కర్నూలు పెద్దాసుపత్రిలో చెవి పరీక్ష చేయించుకుని రమ్మంది. చేయించాం. చెవి బాగానే ఉంది.

రెండోసారి వెళ్లినప్పుడు మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. పిల్లకు తెలివి లేక కాదు, బద్ధకమూ కాదు. మాటలోని శబ్దాలను వరసగా పేర్చుకోవడం దానికి కష్టంగా ఉంది, చేతిలో ఉన్న మాటలూ తక్కువ. ఇలాంటి పిల్లలకు రేపు చదువు దగ్గర కూడా ఇబ్బంది రావచ్చు. అందుకని మాటతో పాటు పుస్తకం కూడా ఇప్పుడే మొదలుపెడదాం అంది.

"మాటే రానిదానికి పుస్తకమెందుకు మేడం? మాటలు బాగా వచ్చినాక కదా సదువు?" అన్నాను లోకజ్ఞానమంతా ఉపయోగించి.

"మీరు ఆటో తోలేటప్పుడు ఇంజను పొద్దున, చక్రాలు సాయంత్రం తోల్తారా?"

నేను ఆలోచనలో పడ్డాను. ఆ సందులో మేడం చెప్పాల్సింది చెప్పేసింది. "చదవడమంటే అక్షరాన్ని కంటితో చూడటమే కాదండీ. ఆ అక్షరం శబ్దం చెవిలో విడిగా వినపడాల. కథలో ఏం జరిగిందో తెలియాల. పుస్తకం ఏ పక్కనుంచి తెరుస్తారో, చదివేటప్పుడు కళ్లు ఎటు నడుస్తాయో తెలియాల. నఫీసా నోటితో చెప్పలేకపోయినా వేలితో చూపించొచ్చు, తల ఊపొచ్చు. అది కూడా జవాబే."

సబీనా అంతవరకూ అడగని ప్రశ్న అడిగింది. "మేడం, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడాలంటనే? నాకు రాదు మేడం."

"మీకు ఏ భాషలో కోపమొస్తాది, ఏ భాషలో జోలపాట వస్తాది, ఆ భాషలోనే మాట్లాడండి. ఉర్దూలో మాటలు పెరిగితే తెలుగుకూ అవే ఆసరా అవుతాయి. రెండు భాషల వల్ల పిల్లలకు మాట ఆలస్యం కాదు."

ఇంటికొచ్చి ఈ మాట చెప్పగానే మా అమ్మ గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. అప్పుడు మొదలుపెట్టిన ముక్కుపుడక రాణి కథ మూడు పూటలు నడిచింది.

మేడం ఒక బొమ్మల పుస్తకం ఇచ్చింది. కోడి గూడు వదిలి వీధంతా తిరిగి వచ్చే కథ. చదివి వినిపించొద్దు, పిల్లతో కలిసి చూడండి అంది. పేజీ తీసి ఆగాలి. పిల్ల ఏది చూపిస్తే దాని గురించే మాట్లాడాలి. అది ఒక మాట అంటే మనం ఇంకొక మాట కలిపి తిరిగి ఇవ్వాలి. ఏదైనా అడిగితే వెంటనే జవాబు అందించకుండా మనసులో పది లెక్కపెట్టాలి.

ఆ రోజు సాయంత్రం నఫీసాను ఒళ్లో కూర్చోబెట్టుకుని పుస్తకం తెరిచాను. "ఇదేంది?" అని అడిగాను. తర్వాత లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నేను పైకి లెక్కపెడుతున్నానని ఆరు దగ్గరికొచ్చాక గానీ తెలియలేదు. నఫీసా బొమ్మ వదిలేసి నా నోటి వైపు చూస్తోంది. సరే అని నోరు బిగబట్టాను. నోరు మూసుకుంటే నాకు చెమటలు పోస్తాయని ఆరోజే తెలిసింది. ఆగలేక, "ఇదిగో! విచ్చేసింది మీ అభిమాన కోడి!" అన్నాను. పిల్ల ఒళ్లో నుంచి దిగి వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయింది, పుస్తకం కూడా తీసుకుని.

సబీనా ఏమీ అడగలేదు. పేజీ తీసి కూర్చుంది. అట్లా కూర్చోవడం ఆమెకు ఎంత సులువుగా వచ్చిందో! నఫీసా చాలాసేపు చూసి, కోడి మీద వేలు పెట్టి "ముగ్గీ" అంది.

"ముర్గీ. ముర్గీ పోతోంది" అంది సబీనా, ఉర్దూలోనే, నెమ్మదిగా.

"ముగ్గీ పో" అంది నఫీసా.

రెండు మాటలు పక్కపక్కన పెట్టడం అదే మొదలు. మా అమ్మ వంటింట్లోంచి, "ఆ మాట నా కథలోదే!" అని కేకేసింది. మేం ముగ్గురం ఆ పుస్తకాన్ని పంచుకున్నాం. సబీనా చూపించేది, అమ్మ కథ పెంచేది, నాకు పేజీ తిప్పే ఉద్యోగం ఇచ్చారు. అది కూడా ముందుగా తిప్పేస్తున్నానని రెండుసార్లు మందలించారు.

తర్వాత మేడం చప్పట్ల ఆట నేర్పింది. మాటను ముక్కలు చేసి, ముక్కకొక చప్పట. ట, మా, టా. బు, డ్డ, లు, అంటే మా వైపు వేరుశనక్కాయలు. ఉ, ల్లి, గ, డ్డ. మాట అనేది ఒకే ముద్ద కాదు, లోపల ముక్కలున్నాయని పిల్ల చెవికి తెలిస్తే, రేపు అక్షరాలను ఆ ముక్కలకు అతికించుకోగలుగుతుందట. ఇది నాకు భలే నచ్చింది. చప్పుడు ఉండే పని కదా. చూసిన ప్రతి సామానుకూ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాను. మా వీధిలో నాకేదో అయిందనుకున్నారు.

ఒక ఆదివారం సబీనానూ నఫీసానూ ఆటోలో ఎక్కించుకుని మార్కెట్ పక్కగా పోతున్నాను. రోడ్డు వారన టమాటా గంపలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. "నఫీసా, చూడు! ట, మా, టా!" అని చప్పట్లు కొట్టాను. చప్పట్లు కొట్టడానికి రెండు చేతులు కావాలి. ఆటో తోలడానికీ అవే రెండు చేతులు కావాలి. ఈ సంగతి నాకు మూడో చప్పట దగ్గర గుర్తుకొచ్చింది. అప్పటికి ఆటో ముందు చక్రం గంపల్లో ఉంది. కాయలు రోడ్డంతా దొర్లాయి. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గానీ, మైకు స్విచ్చు ఎట్లా పడిందో పడింది, "యా అల్లా!" అన్న నా అరుపు రెండు హారన్లలోంచీ మార్కెట్టంతా వినిపించింది.

గంపల వెనకనుంచి జీవమ్మ లేచి నిలబడింది, నెత్తిన రెండు టమాటాలు చితికి.

"నీ సేతులు యాడ పెట్టినావప్పా?"

"చప్పట్లు కొడతాంటి జీవమ్మక్కా... మేడం చెప్పింది..."

"ఆయమ్మ ఆటోలో కొట్టమని సెప్పిందా?"

ఆ రోజు మధ్యాహ్నమంతా నేనూ సబీనా జీవమ్మతో పాటు కూర్చుని కాయలు ఏరాం. నఫీసా దొర్లిపోయినవి ఏరుకొచ్చి, ఒక్కొక్కటీ గంపలో వేస్తూ, ఎవరూ చెప్పకుండానే "త, మా, తా" అంటోంది. ముక్కకొక కాయ. మూడూ వేసి, మళ్లీ మొదలు. సబీనా నా మోచెయ్యి పొడిచి అటు చూడమంది. ఈసారి నేను ఏమీ అనలేదు. అనడానికి నోరు రాలేదు, జీవమ్మ పక్కనే ఉంది కదా.

తర్వాత వంతు అక్షరాలది. యాభై ఆరూ ఒకేసారి గుమ్మరించకండి, దాని పేరులోని అక్షరంతో మొదలుపెడదాం అంది మేడం. "న" రాసిన అట్టముక్క చేతికిచ్చి, ఆ శబ్దంతో మొదలయ్యే బొమ్మలు ఏరించింది. నక్క, నత్త, నల్లా. నాకేమో ఆటోలో తిప్పుతూ బోర్డులు చూపించే పని అప్పగించింది, చప్పట్లు లేకుండా. పత్తికొండలో ఇన్ని బోర్డులున్నాయని నాకు అప్పుడే తెలిసింది. నఫీసా నా భుజం మీద కొట్టిందంటే ఎక్కడో "న" కనపడిందన్నమాట, ఆటో ఆపాలి. ఒకరోజు అంబేద్కర్ సర్కిల్ దగ్గర గట్టిగా కొట్టింది. ఆపాను. అది బోర్డు మీదికి వేలు పెట్టి, "న! న!" అంటోంది. తలకట్టు బదులు ఓత్వం ఉన్నా పోల్చుకుంది. నేను ఆనందంలో మునిగి ఉండగా కానిస్టేబుల్ గోపీనాథ్ వచ్చాడు.

"ఏమప్పా వలీ, ఆ బోర్డు మింద ఏం రాసిండాది?"

"నో పార్కింగ్ సార్."

"మరి?"

"పాప చదువుకుంటాంది సార్."

ఆయన బోర్డు వైపు, పిల్ల వైపు, నా వైపు చూశాడు. "పాపకు వచ్చినట్టుండాది. నీకే రాల్యా" అని లాఠీతో ఆటో వెనక తట్టాడు.

మేడం బడికి కూడా వెళ్లి టీచరమ్మతో మాట్లాడింది. అందరి ముందూ నిలబెట్టి పలకమనకుండా, అడిగిన అక్షరాన్ని చూపించమనండి, అదీ జవాబుగానే తీసుకోండి అని అడిగింది. టీచరమ్మ ఒప్పుకుంది. ఇంట్లో ఇంగ్లీషు సంగతి ఆమెకూ ఎవరో చెప్పిన మాటేనట, పాపం. నా వక్తల సిద్ధాంతం కంటే ఆమెది కొంచెం మేలు.

వానాకాలం పోయాక, పిల్లలు ఏం నేర్చుకున్నారో చూడ్డానికి తల్లిదండ్రులంతా రావాలని మేడం కబురు పెట్టింది. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎవరైనా నాలుగు ముక్కలు మాట్లాడమంటారేమోనని ప్రసంగం కూడా తయారు చేసుకుని వెళ్లాను. ఎవరూ అడగలేదు. మేడం నఫీసాను ముందుకు పిలిచింది. దాని చేతిలో నాలుగు కాగితాలు కుట్టిన చిన్న పుస్తకం. బొమ్మలు అదే గీసింది. వాటి కింద అది చెప్పిన మాటలను, దాని మాటలుగానే మేడం రాసిపెట్టిందట. ఎవరో రాసిన కథ కంటే తనకు జరిగిన కథను పిల్లలు తొందరగా చదవగలరని తర్వాత చెప్పింది.

అట్ట మీద మూడు చక్రాల పెట్టె, దాని పైన రెండు పెద్ద నోళ్లు. అవి హారన్లు. నఫీసా అట్ట మీద వేలు పెట్టి చదివింది:

"అబ్బా ఆతో."

అబ్బా అంటే నాన్న, అంటే నేనే. నాకు ఛాతీ పొంగింది. పేజీ తిప్పింది.

"అబ్బా తప్పత్లు."

జీవమ్మ మనవరాలి కోసం వచ్చి వెనక కూర్చుని ఉంది. కిసుక్కుమంది. నా ఛాతీ మెల్లగా దిగడం మొదలుపెట్టింది. మూడో పేజీలో ఎర్రటి చుక్కలే చుక్కలు.

"తమాతా దదేల్!"

గదంతా గొల్లుమంది. మేడం కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నఫీసాకు జనం నవ్వితే ఇంత బాగుంటుందని మొదటిసారి తెలిసినట్టుంది, ముఖం వెలిగిపోయింది. చివరి పేజీ తిప్పింది. అక్కడ ఆగిపోయింది. వేలు మొదటి అక్షరం మీద ఉంది. పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. నవ్వులు ఆగిపోయాయి. అక్కడేం రాసి ఉందో నాకు కూర్చున్న చోటికే కనిపిస్తోంది. నాలుక చివర దాకా వచ్చింది. సబీనా చెయ్యి నా మోకాలి మీద పడింది, గోళ్లతో సహా.

నా జీవితంలో అంతసేపు నోరు మూసుకున్నది అప్పుడే. లెక్క ఏమీ పెట్టలేదు. ఆ పిల్ల వేలినే చూస్తూ కూర్చున్నాను. ఎంత చిన్న వేలు అది! మాటలు నాకు నీళ్లలా వస్తాయి, ఎక్కడి నుంచి వస్తున్నాయో ఎప్పుడూ చూడలేదు. అది ఒక్కొక్క దాన్నీ బావిలోంచి తోడుతోంది, చేతులతో.

"జీ...వ...మ్మ" అంది. ఊపిరి తీసుకుంది. "తిత్తె."

జీవమ్మ తిట్టె. అంతే కథ. గదిలో అందరికంటే ముందు జీవమ్మే కళ్లు తుడుచుకుంది. "నా పేరు పుస్తకంలో రాసినారా? నేను తిట్టినేది కూడా రాసినారా?" అని ఆ కాగితం తెప్పించుకుని, తనకు చదవడం రాకపోయినా, దాన్ని చాలాసేపు చూసింది.

నేను తయారు చేసుకున్న ప్రసంగం జేబులోనే ఉండిపోయింది. ఇంటికి పోయేటప్పుడు ఆటో నడుపుతూ కూడా మాట్లాడలేదు. సబీనా భయపడి, "అజీ, ఒంట్లో బాగుండాదా?" అని అడిగింది.

నఫీసా ఇప్పుడు ఒకటో తరగతి. అన్నీ చక్కబడ్డాయని మైకులో చెప్పినట్టు చెప్పలేను. ట, ర ఇంకా తిరగవు. ఒత్తులొస్తే వేలు ఆగుతుంది. తోటి పిల్లలు ఒక్క గుక్కలో చదివేది అది మూడు గుక్కల్లో చదువుతుంది. కొత్తవాళ్ల ముందు మాటలు మింగేస్తుంది. మేడం దగ్గరికి పోవడం మానలేదు, ఇంకా చాలాకాలం పోవాలట. కానీ ఏం చదివావని అడిగితే కథ చెప్తుంది. నచ్చని చోట కథ మార్చి చెప్తుంది, నన్నీ బీ మనవరాలు కదా. ఉర్దూలో వాళ్ల నానమ్మతో పోట్లాడుతుంది, తెలుగులో జీవమ్మ మనవరాలితో పోట్లాడుతుంది. సబీనా కేంద్రానికి వచ్చే కొత్త తల్లుల పక్కన కూర్చుని పుస్తకం ఎట్లా పట్టుకోవాలో చూపిస్తుంటుంది. నాకంటే ఆమెకే ఊళ్లో పలుకుబడి పెరుగుతోంది, గట్టిగా ఒక్క మాట కూడా మాట్లాడకుండా.

ఈమధ్య మేడం నన్ను పిలిచి ఒక పని అడిగింది. పల్లెల్లో మాట ఆలస్యమైన పిల్లలు చాలామంది ఇళ్లలోనే ఉండిపోతున్నారు, కేంద్రం గురించి మీ ఆటోలో చెప్తారా అంది. నాకు పండగే. రాత్రీ పగలూ ఆలోచించి, "చిన్నారుల చిరునవ్వుల నందనవనంలో" అని మొదలయ్యే ప్రకటన రాసుకెళ్లాను. మేడం పెన్ను తీసి కొట్టేసుకుంటూ పోయింది. చివరికి మిగిలినవి ఇవి: మీ పాపకు, బాబుకు మాట రావడం ఆలస్యమైందా? పలికింది అర్థం కావడం లేదా? ఎదురుచూడకండి, స్పీచ్ థెరపీ ఉంది, పిల్లతో పాటు ఇంటి భాషనూ తీసుకుని రండి.

రికార్డు చేసి వినిపించాను. మేడం తల ఊపుతూ విని, ఒకచోట నవ్వింది.

"ఏమైంది మేడం?"

"ఏం లేదండీ. మీరు ఇస్పీచ్ అంటాండారు."

నేను మళ్లీ అన్నాను. ఇస్పీచ్. ఇంకోసారి అన్నాను. ఇస్పీచ్. ఇంతకాలం ఊరికి మాటలు అమ్మినవాణ్ణి, స్కూలును ఇస్కూలనీ, స్టాండును ఇస్టాండనీ అంటున్నానని నాకు ఎవరూ చెప్పనేలేదు. నఫీసా చాప మీద నుంచి తలెత్తి నా నోటి వైపు ఆసక్తిగా చూస్తోంది.

"నాకు కూడా థెరపీ కావాలా మేడం?" అని అడిగాను, కొంచెం భయంగానే.

"వద్దండీ. అది మీ యాస, ఇబ్బంది కాదు. అట్లనే ఉండనీండి, జనానికి అర్థమైతాది" అంది.

మరుసటి రోజు నుంచి తుగ్గలి దారిలో, దేవనకొండ దారిలో అది అట్లాగే మోగింది. ఆ వారంలోనే ఒకాయన బిడ్డను సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకుని కేంద్రం గుమ్మంలోకొచ్చి, "ఇస్పీచ్ మేడం ఈడనేనామ్మా?" అని అడిగాడట.